దొంగ ఆకలి

నన్ను దొంగ ఏడుపుదన్నది మా ఆడబిడ్డ. అదీ యాడ? మా అత్త శవం ముంగట, ఊరు ఊరంత మా వాకిట్ల కూసున్నప్పుడు. ఏడాది దాటింది. ఇప్పటికీ ఆ మాట యాదికొస్తే అరికాలి మంట నెత్తికెక్కుతది.

మా దిక్కు దొంగ అనే మాట ఊకెనే వాడ్తరు. బడికి పోనని ముడుచుకొని పండుకున్న పిల్లది దొంగ జ్వరం. పిలిస్తే పలకనోనిది దొంగ నిద్ర. పొలం కాగితం మీద అన్నకు బదులు తమ్ముడు చేసినది దొంగ సంతకం. కంట్ల చుక్క లేకుంట కొంగు అడ్డం పెట్టుకుంటే దొంగ ఏడుపు. కన్నడ మాట్లాడేటోళ్ళు సుళ్ళు అంటరు, ఉర్దూ మాట్లాడేటోళ్ళు ఝూటా అంటరు, మాకు అన్నీ అర్థమైతయి, అన్నీ వాడ్తం. గనీ ఆ మాట ఎవరికి తగిలిస్తున్నమో జరా చూసి తగిలియ్యాలె. చూడకుంట అన్నవనుకో, అన్నోళ్ళు మర్చిపోతరు, పడ్డోళ్ళకు మాత్రం అతుక్కొని ఉంటది.

ముందుగాల నా ఏడుపు సంగతి చెప్తా. మాది కృష్ణ ఒడ్డున, దేవసూగూరు పక్కన చిన్న ఊరు. మావాళ్ళల్ల పీనుగ కాడ ఆడోళ్ళు ఉత్తగ ఏడ్వరు, శోకం తీస్తరు. రాగం తీసి, పోయినోళ్ళను పేరు పేరున పిలిచి, వాళ్ళు పడ్డ కష్టం, చేసిన మంచి, తీరని ఆశ అన్నీ వరసగ చెప్పుకుంట ఏడ్వాలె. ఒకామె ఎత్తుకుంటే మిగిలినోళ్ళు అందుకుంటరు. మా ఊర్ల ఎత్తుకునేది నేనే. మా అమ్మ దగ్గర నేర్చిన. ఎవరింట్ల పోయినా కబురొస్తది, చేతుల పని ఇడిసిపెట్టి పోత. దానికొక కట్టుబాటుంది. శోకంల ఎవరు ఏమన్నా మధ్యల అడ్డం రావద్దు. కొడుకును తిట్టినా, కోడలిని తిట్టినా, పాలోళ్ళ పొలం గెట్టు తగాదా ఎత్తినా, తల దించుకొని వినాలె. జవాబియ్యాలంటే నువ్వు కూడ శోకంలనే ఇయ్యాలె. శవం లేచినంక ఆ మాట పట్టుకొని కొట్లాడొద్దు.

ఇంకొకటి కూడ చెప్పాలె. నేను మా ఊరి బడిల బిసియూట వండుతా, అంటే పిల్లలకు పగటిపూట పెట్టే వేడన్నం. పదకొండేండ్ల సంది అదే పని. చారు ఎట్లుందో, అన్నం మెత్తగైందో పలుకైందో, ఇంటికి పోయి పిల్లలే చెప్తరు. ఇంతవరకు ఒక్క తల్లి వచ్చి నన్ను ఒక్క మాట అనలే.

ఇగ మా అత్త. మా అత్త దేవతని నేను చెప్పను. చచ్చినోళ్ళందరు మంచోళ్ళే అనేది ఇంకొక అబద్ధం. నాకూ ఆమెకూ దినాం లొల్లే. నోరు ఎంత చెడ్డదో కడుపు అంత మంచిది. పొద్దున సజ్జరొట్టె, పుండికూర అంటే గోంగూర, పల్లీల పొడి. పగలు బువ్వ. పొద్దుమూకే ముందర చాయ, చాయల బొరుగులు. సంత దినం వచ్చిందంటే మిర్చి బజ్జీలు తెమ్మని మా ఆయన ప్రాణం తోడుతుండె. నోట్ల పండ్లు లేవు, అయినా మస్తుగ నములుతుండె. తిన్నంక ఉప్పు తక్కువైందనో కారం ఎక్కువైందనో ఒక మాట అనకుంటే ఆమెకు అరగదు.

ఆమె బిడ్డ, అంటే మా ఆయన అక్క, శక్తినగర్ కాలనీల ఉంటది. వాళ్ళాయనది కరెంటు ఫ్యాక్టరీల పని, క్వార్టరిచ్చిన్రు. మా అరుగు మీద కూసుంటే ఆ పొగగొట్టాలు కనిపిస్తయి. ముసలామె దినాం అరుగు మీద కూసొని, వచ్చేటోళ్ళకు పోయేటోళ్ళకు చూపిస్తుండె. అగో, ఆ పెద్ద గొట్టం కింద నా బిడ్డ ఇల్లుంది అని. ఆటో ఎక్కితే పావుగంట. గనీ బిడ్డ రాదు. నాకూ ఆమెకూ మాటల్లేవు. ఒక పెండ్లిల నేను పెట్టిన చీరను అందరి ముంగట ఇప్పి చూసి, గిది పనిమనిషికి పెట్టే చీర అన్నది. నేనూ తక్కువ తినలే, అనవలసింది అన్న. ఆ దినం సంది ఆమె మొఖం ఆమెది, నా మొఖం నాది.

ముసలామెకు నంబర్లు రావు. వారానికి ఒకసారి, బిడ్డకు ఫోన్ కలుపమని నా ఎంట పడుతుండె. నేనే నంబరు ఒత్తి, రింగు పోతున్నదా అని చెవికాడ పెట్టుకొని విని, ఆమె చేతిల పెట్టి వంటింట్లకు పోతుంటి.

దీపావళి అయినంక ఒకదినం అట్లనే ఒత్తిచ్చి, రొట్టె పిండి కలుపుతున్న. అంతకుముందే ఆమె రెండు రొట్టెలు తిని చేతులు కడుక్కున్నది. బయట నుంచి ఇనిపించింది.

"ఏం తిన్నవని అడుగుతున్నవా బిడ్డా? ఏం తింటనే! నిన్నటి సంది గంజి లేదు. నీ మరదలు బడి పిల్లలకైతే వండి పెడ్తది, నాకు మాత్రం ఒక ముద్ద పెట్టదు."

పిండి చేతులతోనే బయటకు ఉరికిన. ఫోన్ పెట్టేదాక ఆగి అడిగిన.

"ఏందత్తా గిది! నీ నోట్ల మన్నువడ, గిప్పుడే గదా రెండు రొట్టెలు తింటివి!"

ఆమె మొఖంల సిగ్గు లేదు, శరం లేదు. నోరు సప్పరించుకుంట అన్నది.

"గట్లంటేనన్న వస్తదేమోనని అన్ననే. నువ్వు మంచిగ చూసుకుంటున్నవని చెప్పిననుకో, అదెందుకొస్తది?"

అబద్ధమాడినా అతికినట్టుండాలె అంటరు. ఆ అబద్ధం అట్లనే అతికింది. మా ఆయనకు చెప్తే, ముసలితనం, ఊకో అన్నడు. ఆయనకు అన్నిటికీ అదే మందు, ఊకో. ఇగ ఆ దినం సంది ముసలామె దాపరికం కూడ ఇడిసిపెట్టింది. నా ముంగటనే, నేను ఒత్తిచ్చిన ఫోన్‌ల, వారం వారం ఆకలి. కడుపు ఎన్నుకు అంటుకున్నదట. కండ్లు తిరుగుతున్నయట. ఫోన్ పెట్టేసి, ఏమే, ఇంకో రొట్టె ఉన్నదా అని అడుగుతుండె. నేను పళ్ళెం దబ్బున ముంగట పెడుతుంటి. పెట్టుకుంట తిడుతుంటి. ఒక్కసారి మాత్రం నవ్వు ఆపుకోలేక గోడకు తిరిగిన, చెప్పొద్దు మరి.

ఆడబిడ్డ రాలే. సూగూరేశ్వరుని జాతర అయింది, సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది. జాతరకు వచ్చి, దేవుని చూసి, అటు నుంచి అటే కాలనీకి పోయిందట. మా ఊరోళ్ళు చూసి వచ్చి చెప్పిన్రు. ఆ మాట విని ముసలామె ఆ పూట నిజంగనే తినలే. తెల్లారి మళ్ళ ఫోన్ ఒత్తియ్యమన్నది.

ఎండాకాలంల ఒకదినం పొద్దున చాయ పట్టుకపోతే పలకలే. నిద్రలనే పోయింది. అంతే.

కబురందిన గంటకు ఆటో దిగింది ఆడబిడ్డ. జుట్టు ఇరబోసుకొని, గడపల నుంచే అరుసుకుంట వచ్చి శవం మీద పడ్డది. నేను అప్పటికే శోకం ఎత్తుకున్న. నా రాగాన్ని తెంపి తను అందుకున్నది.

"అమ్మా... నా తల్లో... గంజినీళ్ళకు మొఖం వాచితివా నా తల్లో... ఊరి పిల్లలకు వండే చేతులు నీకు పిడికెడు పెట్టకపాయెనా నా తల్లో... ఆకలి ఆకలి అనుకుంట ప్రాణమిడిస్తివా నా తల్లో..."

నా ఎంట రాగం అందుకునే ఆడోళ్ళు నోరు మూసుకున్నరు. ఒక్కొక్కరు తల తిప్పి నా దిక్కు చూసిన్రు. కట్టుబాటు ప్రకారం నేను అడ్డం రావద్దు. జవాబు శోకంలనే ఇయ్యాలె. అది నా చేతిల పనే, ఆడబిడ్డ నా ముంగట ఎంత! ఒక్క వరస చాలు. ఓ అత్తా, నువ్వు ఆడిన అబద్ధం నీ బిడ్డకు చెప్పిపో అత్తా, అని ఎత్తుకుంటే అయిపోతుండె. గొంతు దాక వచ్చింది. గనీ తలకాడ దీపముంది, మొఖానికి పసుపు పూసి ఉంది, ఇంక రెండు గంటలైతే ఆమె వాకిలి దాటి పోతది. పండుకోబెట్టినామెను పట్టుకొని, ఊరి ముంగట, నువ్వు దొంగదానివి అని నేనెట్లందు? మింగిన. మింగినంక ఇంక ఏడుపొచ్చింది. ముసలామె పోయిందని కొంత, ఈ మాట పడ్డందుకు కొంత. అందుల దొంగది ఒక్క చుక్క లేదు.

ఆడబిడ్డ రాగం ఆపింది. నా దిక్కు తిరిగి, ఉత్త మాటల్ల, అందరికీ ఇనిపించేటట్టు అన్నది.

"ఇగ చాలియ్యే, నీ దొంగ ఏడుపు ఎవరికి గావాలె!"

శోకంల అన్నది వేరు. ఇది ఉత్త మాట. ఎనక నుంచి ఎవరో గుసగుసగ అన్నరు, అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట్ల నీళ్ళొచ్చినయంట, ఈమెకు ఆర్నెల్లు కూడ పట్టలే అని. ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకున్నరు. థూ! పదేండ్లు వాళ్ళ వాళ్ళ ఇండ్లల్ల నేను గొంతు పోయేటట్టు ఏడ్చిన. ఆ నోర్లే అవి.

తెల్లారి, నాతో బడిల వంట చేసేటామె వచ్చింది. గడప దాటలే, బయటనే నిలబడ్డది.

"అక్కా, ఊర్ల ఏమంటున్నరో ఎర్కనా? ఇంట్ల అత్తను ఎండబెట్టినామె మా పిల్లలకు కడుపునిండ పెడ్తదా అంటున్నరు. బియ్యం ఇంటికి మోస్తదేమో అని ఒకామె అన్నది. బడి కమిటీల మాట పెడ్తరంట, నీ జాగల ఇంకొకరిని తీసుకోనీకి."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు. నేనైతే తాటిచెట్టు కిందికి కూడ పోలే! అన్నం గంటె పట్టుకున్న చేతికి ఆ పేరొస్తే ఇంకేముంది? పని పోతది, అది ఒకటి. రేపు నేను బజార్ల నడుస్తుంటే ఒక పిల్ల తన తల్లిని అడుగుతది, గామెనేనా వాళ్ళ అత్తకు బువ్వ పెట్టంది అని. ఆ రాత్రంత నేను పండుకోలే. మా ఆయనను, నువ్వన్న చెప్పు, నీ తల్లి ఎట్ల తింటుండెనో నలుగురికి చెప్పు అని అడిగిన. దినాలు కానీ, ఊకో అన్నడు. ఆయన నోట్ల ఊకో తప్ప ఇంకొకటి పుట్టదు.

మూడో దినం పిట్టకు పెట్టనీకి కృష్ణ ఒడ్డుకు పోయినం. పోయినామె ఇష్టంగ తినేటివన్నీ వండి ఇస్తరిల పెట్టాలె. కాకి వచ్చి ముట్టితే ఆమె తృప్తిగ పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అన్నీ నేనే వండిన. సజ్జరొట్టె, పుండికూర, పల్లీల పొడి, మిర్చి బజ్జీలు, చాయ. చుట్టాలు, ఊరి ఆడోళ్ళు పది పన్నెండు మంది, నాతో వంట చేసేటామె, అందరు ఇసుకల దూరంగ కూసున్నరు.

కాకి రాలే. ఎండ ఎక్కింది. రెండు కాకులు ఆ ఒడ్డున తిరుగుతున్నయి, ఇటు రావు. మా ఆయన లేచి, అమ్మా, నీ పేరు మీద ఏటేటా నలుగురికి అన్నం పెడ్తనని మొక్కిండు. రాలే. ఒక చుట్టపాయన లేచి, బిడ్డ మీద ఆశున్నదేమో, బిడ్డ కూడ ఒక మాట చెప్పాలె అన్నడు. ఆడబిడ్డ లేచి నిలబడ్డది. ఇస్తరి దిక్కు చూడలే, నా దిక్కు చూసింది.

"ఎట్ల ముట్టుతది? ఆకలితోని పోయిన ప్రాణం! ఉన్నన్ని దినాలు ఎండబెట్టి, చచ్చినంక ఇన్ని రకాలు వండితే తింటదా? దొంగ వంట."

ఇగ నా తోని కాలే. శవం లేచిపోయింది, ఇది శోకం కాదు, అడ్డం రావచ్చు. లేచిన.

"వదినా, ఒక్క మాట అడుగుత. అత్త ఆకలైతున్నదని నీకు చెప్పిందా?"

"చెప్పలేదా? నా రెండు చెవులతోని విన్న. వారం వారం చెప్పింది."

"ఎప్పటి సంది?"

"దీపావళి సంది! ఏం, ఝూట్ అంటవా?"

"అనను. దీపావళి సంది ఎండాకాలం దాక, వారం వారం, కన్నతల్లి ఆకలి అని ఏడ్చింది. నువ్వు విన్నవు. ఆటోల పావుగంట దారి. ఒక్కసారన్న రాలేదేంది? ఒక డబ్బల బువ్వ పెట్టి పంపలేదేంది? తమ్మునికి ఫోన్ చేసి, ఏందిర గిది అని అడగలేదేంది? జాతరకు వచ్చి, మా ఊరి మీద నుంచే పోతివి గదా, దిగలేదేంది?"

నేను ఇడిసిపెట్టలే. ఎందుకు ఇడుస్తా?

"ఏదో ఒకటి చెప్పు వదినా. ఆ ఆకలి ఖరే, నిజమే అయితే, తెలిసి తెలిసి తల్లిని ఎండబెట్టింది నువ్వు. ఖరే కాదంటే, శవం మీద పడి నామీద దొంగ మాటన్నది నువ్వు. రెండిట్ల నీకు ఏది గావాలె? ఊరంత ఉంది, చెప్పు."

ఆమె మొఖం ఎర్రగైంది. చుట్టాల దిక్కు చూసింది, తమ్ముని దిక్కు చూసింది. తల్లిని ఎండబెట్టిన బిడ్డ అనే పేరు ఎవరు మోస్తరు? అరిచింది.

"ఆకలి యాడిది? ఆకలి అనుకుంటనే త్రేన్పుతుండె! మా అమ్మ గొంతు నాకు తెల్వదా? నన్ను రప్పించుకోనీకి ఆడే ఆటలు అవన్నీ!"

అన్నంక తెలిసినట్టుంది ఏమన్నదో. నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. అప్పటికే అందరూ విన్నరు. నాతో వంట చేసేటామె, ఓయమ్మా అని గట్టిగనే అన్నది. మొన్న ఆర్నెల్ల సామెత చెప్పినామె ఇసుకల గీతలు గీస్తున్నది. కమిటీ మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలే. ఇప్పటికీ బడిల నేనే వండుతున్న.

ఖరే చెప్తున్న, నాకు మస్తు ఖుషీ అయింది. మూడు దినాల మంట సల్లారింది. అక్కడికి ఆపితే అయిపోతుండె. ఆపలే. ఇంకొకటి తగిలిచ్చిన.

"మరి దొంగ ఏడుపు ఎవరిది వదినా?"

కొట్లాడుతదనుకున్న. కొట్లాడలే. ఇసుకల కూలబడి, మెల్లగ అడిగింది.

"నంబరు ఎవరు ఒత్తిస్తుండె?"

"నేనే."

"ఆమె అనేటివి వింటుంటివా?"

"వింటుంటి."

"ఎందుకంటుందో నీకు ఎర్కనే గదా?"

"ఎర్కనే."

"మరి ఫోన్ ఆమె చేతికిచ్చే ముందర, వదినా, ముసలామె నీ మీద బెంగ పెట్టుకున్నది, ఒక్కసారి వచ్చిపో అని నువ్వు ఒక్క మాటనకపోతివి. ఆమె మాట నేను నమ్మలే. నువ్వంటే నమ్ముతుంటి. నాతో మాట్లాడనిదానివి, నువ్వు ఫోన్ చేసి రమ్మన్నవంటే ఆ దినమే వస్తుంటి."

ఆమె నీ తల్లి, నేనెందుకు పిలవాలె, అన్న నేను. కాకి కోసం ఇంకొంతసేపు చూసి, ఇస్తరి తీసుకపోయి కృష్ణల ఇడిసి వచ్చిన్రు. ఆమె అటునుంచే కాలనీకి పోయింది. మళ్ళ మా వాకిలి తొక్కలే.

నేనన్న ఆ జవాబు కూడ అబద్ధమే. పిలవలేదంటే పంతం వల్ల కాదు. ఆమె రాని ప్రతి పండుగకు ఊర్ల నా పేరు పెరుగుతుండె. కన్నబిడ్డ చూడకున్నా కోడలు చూస్తున్నది అంటుండిరి. అది నాకు తియ్యగుండె. గందుకే వారం వారం నంబరు ఒత్తిన, ఆడబిడ్డ హలో అనేదాక విన్న, నోరు మెదపకుంట ఫోన్ ముసలామె చేతిల పెట్టి రొట్టెలు చెయ్యనీకి పోయిన.